గోలిసోడా సీసా

సీకేఎం దవాఖానల బిడ్డను చేతికిచ్చినప్పుడు
సిస్టర్ రెబెకా మందుల చీటీ వెనుక
నాలుగు ముక్కలు రాసిచ్చింది:
వెల్లకిల పండబెట్టాలె. గట్టి పరుపు.
దిండొద్దు. మంచం పట్టీల నడుమ
గోలిసోడా సీసా దూరొద్దు.

"గోలిసోడానా?" అంటే
ఆమె నవ్వలే.
"సీసా దూరితే పెయ్యి దూరుతది.
పెయ్యి దూరి తల ఆగుతది."
అంతే, పక్క మంచం కాడికి వోయింది.
ఆ మాట నా వెంబడి ఆటో ఎక్కింది.

ఐలయ్య బండి కాడ సోడా తాగి,
సీసా మళ్ల తెస్తనని చెప్పి
సంచిల వెట్టుకొని బయలెల్లిన.
స్టేషన్ రోడ్డు, చౌరస్తా, హన్మకొండ.
నడిచినంతసేపు లోపల గోలి గలగలమన్నది.

మొదటిది గులాబి రంగు. చక్రాలు, దోమతెర,
మీట నొక్కితే పాడే బొమ్మ.
పాట ఒడవకముందే సీసా అటు వడ్డది.
రెండోది ఇనుపది. గోరుతోటి గీకితే
పెచ్చులు పెచ్చులు రాలింది రంగు.
రేపు పండ్లొచ్చినంక పిల్ల ఊకుంటదా?
మూడోది టేకు. తలకాడ నెమళ్లు చెక్కిన్రు.
నెమలి ముక్కుకు నా అంగి కాలరు చిక్కింది,
ఇడిపించుకునేసరికి
నాకే ఊపిరాడలే.

"ఏమన్నా, మంచం కొంటవా, సోడా అమ్ముతవా?"
దుకాణపాయన నవ్విండు. పనోళ్లు నవ్విన్రు.
నేను కొత్తవాడల జంపఖానాలు నేసెటోన్ని.
పోగుకూ పోగుకూ నడుమ సందు చూసుకుంటనే
ఇరవై ఏండ్ల సంది కండ్లు అరిగినయి.
నవ్వనీ.

ఇంట్ల ఇంకో పంచాయితి.
తల గుండ్రంగ వస్తదని
మా అవ్వ ఆవాలు వోసి చిన్న దిండు కుట్టింది.
నాకూ గట్లనే కుట్టిందట.
"నీ తలకేమైంది మరి?" అన్నది.
అరుంధతి నా తలకాయ దిక్కు ఒకపారి చూసి
నోటికి కొంగు అడ్డం వెట్టుకున్నది.
ఆ రాత్రి బిడ్డ ఒక్కతే పండుకున్నది.
మేం వంతులేసుకొని
దాని డొక్క లేసుడు, దిగుడు చూసినం.

ఆఖరికి శివనగర్ల కనకాచారి.
సీసా చేతికిస్తే ఎందుకని అడగలే.
బల్ల మీద పొర్లిచ్చి, కడుపు కాడ కొలిచి
చెవు మీది పెన్సిలు తీసి గీత గీసిండు.
"వెంట్రుకవాసి తక్కువనే వెడత" అన్నడు.
చెక్కుడు లేదు, గుబ్బలు లేవు, రంగు లేదు.
వేప కట్టె.
"కొరికితే చేదుకు తనే ఇడుస్తది తియ్."

పరుపు సంగతి నాది.
ఉన్నమాట చెప్త: మెత్తగ నేద్దామనుకున్న,
అయిదు రంగులు, అంచుకు కుచ్చులు.
నా బిడ్డకు నేయకుంటే ఇంకెవలికి నేస్త?
చీటీ మళ్ల చదివిన.
కుచ్చులు కత్తిరిచ్చిన.
కొబ్బరిపీచు పరుపు, దాని మీద బిర్రుగ
ఒకటే తెల్ల దుప్పటి.
పరుపుకూ చెక్కకూ నడుమ వేలు వెట్టి చూస్తే దూరింది.
మొత్తం ఇప్పి
మళ్ల కుట్టిన.

ఇప్పుడు చూస్తే ఏమున్నది దాంట్ల?
దిండు లేదు, బొమ్మ లేదు, బొంత లేదు.
చుట్టాలు తొంగిచూసి
ఇంకా సామాను రాలేదా అంటరు.
అంత తిరిగి మేం తెచ్చుకున్నది
గా ఖాళీనే,
ఒక పిల్ల ఊపిరి పట్టెటంత.

ఆవాల దిండు ఇప్పుడు అవ్వ మోకాలు కింద ఉన్నది.
"గీడికన్న పనికొచ్చింది" అంటది.
అలక ఇంకా పోలే.

తెల్లారుజామున మగ్గం గుంతలకు దిగేముందు
ఒకపారి వంగి చూస్త.
పట్టీల సందుల నుంచి
ఒక పిడికిలి బయటికొచ్చి ఉంటది,
ఏదో అడిగినట్టు.
అదొక్కటి దూరుతది.

సీసా సజ్జ మీదనే ఉన్నది.
ఐలయ్య ఎదురైనప్పుడల్లా అడుగుతడు,
రేపిస్తనంట.
రేపు పాకుతదేమో, ఎల్లుండి నిలవడి
పట్టీలు ఎక్కుతదేమో.
దాంతోటి ఇంకేం కొలువాలెనో
ఎవలికెరుక.